ఆమోదం వచ్చేదాకా

కిందటి వారం మల్లేశ్‌ను క్యాంపు గదిలో, సర్దిపెట్టిన సంచి పక్కన కూర్చోబెట్టి వచ్చేశాం. అతను ఇంకా అక్కడే ఉన్నాడు. కరీంనగర్ ఆసుపత్రిలో అతని భార్య ప్రేమ ఆక్సిజన్ మీద ఉంది. అతను దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో, ఒక అద్దాల ఫ్యాక్టరీ వెనకున్న కూలీల క్యాంపులో ఉన్నాడు. రెండువేల ఇరవై ఒకటి, మే నెల. ఇక్కడి నుంచి హైదరాబాదుకు విమానాలు పోతున్నాయి గానీ అక్కడి నుంచి ఎవరినీ రానివ్వడం లేదు. వెళ్ళినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పలేం కాబట్టి, ఇప్పుడు ఇంటికి వెళ్ళినవాడు ఉద్యోగం వదులుకున్నట్టేనని కంపెనీ గోడకు నోటీసు అంటించింది.

మల్లేశ్ మొదటి రోజే తెగేసి చెప్పాడు, ఉద్యోగం పోయేటట్టుంటే కదలనని. ప్రేమకు ఆసుపత్రిలో జరిగేదంతా అతని జీతం మీదే జరుగుతోంది. వెళితే ఆమెను చూసుకోవచ్చు, కానీ ఆమె పక్కన పెట్టిన సిలిండర్ ఆగిపోతుంది. వెళ్ళకపోతే సిలిండర్ నడుస్తుంది, ఆమె మొహం మాత్రం ఫోనులోనే చూసుకోవాలి. ఏ మొగుడికీ రాకూడని లెక్క ఇది.

దీనికి ఒకే ఒక విరుగుడు ఉంది. కార్మికుల సంక్షేమ కమిటీ ఫిబ్రవరిలో చేసుకున్న ఆపద సెలవు నిబంధన. ఇంట్లో ప్రాణం మీదికొస్తే కమిటీ నిధిలోంచి టికెట్, తిరిగొచ్చేదాకా ఉద్యోగం భద్రం. నిబంధన రాసుకున్నారు, అందరూ చేతులెత్తారు, చప్పట్లు కొట్టారు. అమలులోకి మాత్రం రాలేదు. లండన్‌లో ఉన్న యజమానుల ఆమోదం రావాలి. ఆ ఆమోదం కోసం అది మూడు నెలలుగా ఎవరి బల్ల మీదో పడి ఉంది. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు, అక్కడ శని, ఆదివారాలు సెలవు, వారంలో రెండు ఊళ్ళూ కలిసి మేలుకునేది నాలుగు రోజులే. ఆ నాలుగు రోజుల్లోనూ లండన్ ఈ వైపు చూసిన జాడ లేదు.

గురువారం మధ్యాహ్నం ముదీర్‌ను, అంటే ఇక్కడి మేనేజర్‌ను, అడిగి తేల్చుకొస్తానని సంక్షేమాధికారి వేణుగోపాలరావు, మల్లేశ్ మేనమామ హన్మంతుకు మాటిచ్చాడు. విమానం ఆ రాత్రికే. టికెట్‌ను మల్లేశ్ గదిలోవాళ్ళంతా తలా ఇంత వేసుకుని కొనేశారు. ఎయిర్‌పోర్టుకు కంపెనీ వ్యాను సాయంత్రం బయల్దేరుతుంది. మన కథ ఇప్పుడు ముదీర్ గది బయట, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది.

వేణుగోపాలరావు గురించి కాస్త చెప్పుకోకపోతే ఇవాళ్టి సంగతి బుర్రకెక్కదు. ఆయన కాకినాడలో చరిత్ర లెక్చరర్‌గా చేశాడు. దొరల కాలంలో మద్రాసు ప్రభుత్వ ఖజానా మీద ఏళ్ళ తరబడి కూర్చుని డాక్టరేటు చేశాడు. మద్రాసు కౌన్సిల్లో ఒక చట్టం చేస్తే గవర్నర్ సరేననాలి, ఆ పైన గవర్నర్ జనరల్ సరేననాలి, అంతా అయ్యాక లండన్‌కు నచ్చకపోతే ఒక్క ముక్కతో కొట్టేయవచ్చు. పెద్ద జీతం కొత్త ఉద్యోగం ఒకటి పెట్టాలన్నా కాగితం ఓడెక్కి వెళ్ళి ఓడెక్కి రావాలి. ఈ లోపల ఇక్కడ మనుషులు ఏమైపోయారో ఆయన నాలుగు వందల పేజీలు రాశాడు. ఎంత కోపంగా రాశాడో అంత శ్రద్ధగానూ రాశాడు. తిట్టుకుంటూ చదివినా ఆ కాగితాల పద్ధతి మాత్రం ఆయనకు బాగా ఒంటబట్టింది.

తర్వాత చరిత్ర తీసుకునే పిల్లలు లేక కాలేజీవాళ్ళు ఆ శాఖనే ఎత్తేశారు. తోడల్లుడు దుబాయ్ రమ్మన్నాడు. వచ్చాడు. కరామాలో రెండు గదుల ఫ్లాటు, క్లినిక్కులో రిసెప్షన్ చేసే భార్య సుభద్ర, ప్లస్ టూ చదివే కూతురు తన్మయి. ముగ్గురి వీసాలూ ఒకదాన్ని పట్టుకుని ఒకటి ఉన్నాయి. పప్పులో ఉప్పు వేయడానికి కూడా ఈయన పైవాళ్ళకు అర్జీ పెట్టుకుంటారని సుభద్ర నవ్వుతూ అంటుంటుంది. ఆయనా నవ్వేవాడు. ఇవాళ్టి తర్వాత ఆ మాటకు ఆ ఇంట్లో ఎవరూ నవ్వరనుకుంటాను.

ముదీర్ సెక్రటరీ అయూబ్ హైదరాబాదువాడు. తలుపు కొంచెం తెరిచి, ముదీర్ ఫోను అయిపోయింది, వెళ్ళండి సాబ్ అన్నాడు. ఆ అనడంలో రోజూ ఉండే హుషారు లేదు. వేణుగోపాలరావు అది గమనించలేదు.

ముదీర్ సబ్రీ ఈజిప్టువాడు. పొట్ట, కళ్ళద్దాలు, ఎప్పుడూ అలసిపోయినట్టుండే గొంతు. చెడ్డవాడు కాదని ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సీరియల్ మొదలైనప్పటి నుంచి చాలామంది ఆయన్ని విలన్ అనుకుంటున్నారు. బల్ల మీద ఈద్‌కు ఇంట్లో చేసిన బిస్కట్ల డబ్బా ఇంకా ఉంది, పైన పంచదార పొడి చల్లిన గుండ్రటి బిస్కట్లు. కూర్చోమని, ఒకటి తీసుకోమన్నాడు. వేణుగోపాలరావు మర్యాద కోసం తీసుకున్నాడు గానీ మాస్కు దించి తినలేదు. చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

వచ్చిన పని చెప్పాడు. మల్లేశ్ సంగతి, ఆసుపత్రి సంగతి, రాత్రి విమానం సంగతి. లండన్ నుంచి ఏమైనా తెలిసిందా అని చివర వినయంగా అడిగాడు.

పొద్దునే తెలిసిందని సబ్రీ చెప్పాడు. రెండు సంగతులు. ఈ నిబంధనను వాళ్ళు సెప్టెంబరు సమావేశంలో చూస్తారు. చూసేదాకా దాని కింద ఒక్క మనిషికి కూడా సెలవు ఇవ్వకూడదని విడిగా రాసి పంపారు. అది మొదటిది. రెండోది చెప్పే ముందు సబ్రీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. క్యాంపులో ఇలాంటి నిధి ఒకటుందని లండన్‌కు ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు. ఈ కాగితం చూశాకే తెలిసింది. కార్మికుల డబ్బు స్థానిక ఖాతాలో ఎందుకుందని అడిగారు. ఈ వారమే దాన్ని తమ ఖాతాలోకి మార్చుకున్నారు, భద్రంగా ఉంచడానికట.

అది కార్మికుల డబ్బు, నెలనెలా వాళ్ళ జీతంలోంచి వేసుకున్నదని వేణుగోపాలరావు అన్నాడు. ఆ సంగతి తనకూ తెలుసునని, పొద్దున్న అరగంట సేపు అదే మాట చెప్పానని సబ్రీ అన్నాడు.

తర్వాత సబ్రీ ముందుకు వంగి, ఈ కాగితాన్ని అసలు లండన్‌కు ఎందుకు పంపావని అడిగాడు. ఆమోదం కావాలి కదా అన్నాడు వేణుగోపాలరావు. కావాలని నీకెవరు చెప్పారన్నాడు సబ్రీ. సబ్రీ కంప్యూటర్ తెర ఇటు తిప్పి, నిబంధనలో ఆఖరి వాక్యం మీద వేలు పెట్టాడు. లండన్ ప్రధాన కార్యాలయం ఆమోదం తెలిసేదాకా ఈ నిబంధన అమలులోకి రాదు. ఇంగ్లీషు చక్కగా ఉంది, కామా కూడా తప్పు లేదు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే రాశాను."

"కమిటీ నిధి నా కింద ఉండేది. ఉద్యోగం ఉంచడం, తీయడం నా కింద ఉంది. నా దగ్గరికి తెచ్చి ఉంటే ఆ రోజే సంతకం పెట్టేవాణ్ని. అడగనంత కాలం అది నా అధికారం. నువ్వు వాళ్ళను అడిగావు. ఇప్పుడది వాళ్ళది."

సబ్రీ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, వేణుగోపాలరావు దాన్ని పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడేవాడు. సబ్రీ తన ఇంటి సంగతి చెప్పుకొచ్చాడు. వాళ్ళ తాత తండ్రి కైరోలో ఖజానా గుమాస్తా. ఆ కాలంలో పేరుకు రాజూ ఉన్నాడు, మంత్రులూ ఉన్నారు, కానీ పక్క గదిలో కూర్చున్న ఇంగ్లీషు సలహాదారు తల ఊపకపోతే మంత్రి ఒక్క పైసా కదిలించేవాడు కాదు. ఆ తల ఎప్పుడు ఊగుతుందా అని ఆ ముసలాయన తలుపు బయట నిలబడి ఉద్యోగం చేశాడట.

"వాళ్ళు వెళ్ళిపోయి ఎన్నేళ్ళయింది," అన్నాడు సబ్రీ. "ఈసారి వాళ్ళంతట వాళ్ళు రాలేదు, మిస్టర్ రావు. నువ్వు కబురుపెట్టి పిలిచావు."

ఒక్క మనిషికి, ఒక్క మల్లేశ్‌కు, నోటిమాటగా ఏదైనా చేయగలరా అని వేణుగోపాలరావు అడిగాడు. అడుగుతున్నప్పుడే జవాబు ఆయనకు తెలుసు. పొద్దున విడిగా వచ్చిన ఉత్తరువు తన పేరు మీదే వచ్చిందని, తన ముగ్గురు పిల్లలూ షార్జాలో చదువుకుంటున్నారని సబ్రీ చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఈయన వైపు చూడలేదు. కిటికీలోంచి, కింద లారీలోకి ఎక్కిస్తున్న అద్దాల వైపు చూశాడు.

బయటికొచ్చాక చూసుకుంటే బిస్కట్ ఇంకా చేతిలోనే ఉంది. ఎక్కడ పడేయాలో తోచక చొక్కా జేబులో వేసుకున్నాడు. మెట్ల దగ్గర నిలబడ్డాడు.

ఫిబ్రవరి నాటి సాయంత్రం కళ్ళ ముందుకొచ్చింది. క్యాంపు మెస్సులో కమిటీ కూర్చుంది. నిజామాబాదు, జగిత్యాల వాళ్ళు కొందరు, బీహారు వాళ్ళు కొందరు, ఇద్దరు నేపాలీలు. హిందీలో, తెలుగులో, చేతులతో మాట్లాడుకుని నిబంధన ఖాయం చేసుకున్నారు. దాన్ని ఇంగ్లీషులో పెట్టే పని వేణుగోపాలరావుది. ఎంత ఇష్టంగా రాశాడో. చాలా ఏళ్ళ తర్వాత తన చదువు ఒకరికి పనికొస్తోందనుకున్నాడు. దొరల కాలంలో కొన్ని వలస ప్రభుత్వాల చట్టాల చివర ఇలాంటి వాక్యమే ఉండేది, రాజుగారి ఆమోదం తెలిసేదాకా ఇది అమలు కాదని. ఆ వాక్యం వేళ్ళలోంచి తనంతట తానే వచ్చేసింది. చదివి వినిపిస్తుంటే హన్మంతు అడ్డుపడి, గా ఆఖరు ముక్క ఎందుకు సార్ అని అడిగాడు. ఈయన క్లాసులో చెప్పినట్టే చెప్పాడు. ముదీర్లు మారుతుంటారు, ఒకడు పెట్టిన సంతకం రేపు ఇంకొకడు చించేస్తాడు, లండన్ ఆమోదిస్తే దాన్ని ఎవడూ ముట్టుకోలేడు అన్నాడు. అందరికీ నచ్చింది. చప్పట్లు కొట్టింది ఆ మాటకే.

మంచి కోసమే చేశాడు. అందులో అనుమానం లేదు. నిబంధన గట్టిగా ఉండాలని, ఎవరూ కదపలేనంత గట్టిగా ఉండాలని చేశాడు. ఇప్పుడు దాన్ని నిజంగానే ఎవరూ కదపలేరు. నాకైతే ఈ మనిషిని తిట్టాలో, పక్కన కూర్చుని ఏడవాలో తెలియడం లేదు. నాలుగు వందల పేజీల్లో ఏ సామ్రాజ్యాన్ని ఉతికి ఆరేశాడో, దానికి తన చేతులతోనే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

ఫోను మోగింది. సుభద్ర. ఆ అబ్బాయి వెళ్తున్నాడా అని అడిగింది. ఇంకా తేలలేదన్నాడు. తేలలేదంటే కాదనే కదండీ అంది ఆవిడ. "మీరు ఏం చేసినా ఆ అబ్బాయి మొహం చూసి చేయండి. ఇంటి గురించి తర్వాత చూసుకుందాం," అని పెట్టేసింది. ఏం జరిగిందో ఆవిడకు తెలియదు. తెలిస్తే ఈ మాట అనేదో లేదో.

క్యాంపు ఫ్యాక్టరీ వెనకే. నడిచి వెళ్ళేంత దూరమే అయినా మే నెల ఎండకు నెత్తి మాడిపోయింది. నీళ్ళ కూలర్ దగ్గర, గోడ నీడలో హన్మంతు నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళుగా అద్దం మోసి మోసి అరచేతులు గీతలు పడిపోయాయి. అతని అక్క గౌరవ్వ కొడుకే మల్లేశ్. ఇప్పుడు కరీంనగర్‌లో కోడలి దగ్గర ఉన్నది ఆ గౌరవ్వే. లెక్చరర్ అలవాటు పోక వేణుగోపాలరావు అతన్ని గారూ అని పిలుస్తాడు. క్యాంపంతా వెనకాల నవ్వుతుంటుంది. హన్మంతు మాత్రం ఆ పిలుపుకు ఎప్పుడూ నవ్వలేదు.

"ఏమన్నడు సార్ ముదీర్?"

వేణుగోపాలరావు చెప్పాడు. సెప్టెంబరు మాట చెప్పాడు, ఉత్తరువు మాట చెప్పాడు, నిధి లండన్‌కు పోయిన మాట చెప్పాడు. అక్కడితో ఆగిపోవచ్చు. లండన్‌వాళ్ళు ఒప్పుకోలేదని ఒక్క మాట అని ఊరుకుంటే హన్మంతు నమ్మేవాడు, నాలుగు బూతులు లండన్‌ను తిట్టేవాడు, అంతటితో పోయేది. ఆగాలనే అనుకున్నాడు. కానీ ఎదురుగా ఉన్న మనిషి కళ్ళు ఆగనివ్వలేదు. ఆఖరి వాక్యం సంగతీ చెప్పేశాడు. దాన్ని ఎవరూ అడగలేదని, సబ్రీ సంతకంతోనే పని అయిపోయేదని, తనే పిలిచి వాళ్ళ చేతిలో పెట్టానని చెప్పాడు.

హన్మంతు కూలర్ కుళాయి కింద గ్లాసు పెట్టి నింపాడు. తాగలేదు. గ్లాసు అట్లాగే పట్టుకుని అడిగాడు.

"గా ముక్క మీరు రాయకుంటె పోరడు మొన్ననే పోతుండెనా సార్?"

"వెళ్ళేవాడండి."

"నౌకరి ఉంటుండెనా?"

"ఉండేది."

హన్మంతు తల ఊపాడు. గ్లాసులో నీళ్ళు నెమ్మదిగా కింద పోశాడు. వేడి సిమెంటు మీద అవి చూస్తుండగానే ఆరిపోయాయి. తిడతాడని, కనీసం గొంతు పెంచుతాడని వేణుగోపాలరావు ఎదురుచూశాడు. ఆ మాత్రం శిక్ష కూడా దొరకలేదు.

ఇంకో సంగతి ఉందని హన్మంతు అన్నాడు. జర సేపటి కిందనే గౌరవ్వ ఫోను చేసిందట. డాక్టరు బయటికొచ్చి, పిలువాల్సినోళ్ళు ఎవరన్నా ఉంటే పిలువుమన్నాడట. ఆ మాట మల్లేశ్‌కు ఇంకా చెప్పలేదు. నౌకరి పోతదని తెలిస్తే మల్లేశ్ కదలడు, తను ఇక్కడ ఉంటేనే ప్రేమ అక్కడ ఉంటదని వాడి లెక్క. ఆ లెక్క ఇక అక్కర్లేదని వాడికి ఎట్లా చెప్పాలో హన్మంతుకు తెలియడం లేదు.

"నేనైతె చెప్పలేను సార్. మీరు రాసిండ్రు గద, మీరే చెప్పుండ్రి. వాడు ఉంటడో, పోతడో, మీరు చెప్పే మాట మీద ఉన్నది."

గదిలో ఎనిమిది మంచాలు, కిందా పైనా. మిగతావాళ్ళు డ్యూటీలో ఉన్నారు. మల్లేశ్ ఒక్కడే కింది మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా, కొత్త మాస్కు. కరోనా టెస్టు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒడిలో ఉంచుకున్నాడు. సంచిలో బట్టలు పెద్దగా లేవు. పైన పాలపొడి డబ్బా ఒకటి కనిపిస్తోంది. ప్రేమకు పాలపొడి వట్టిదే స్పూనుతో తినడం ఇష్టమని, వచ్చిన ప్రతిసారీ డబ్బా తెమ్మంటుందని కిందటి భాగాల్లో మీరు చదివే ఉంటారు. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు తగిలించుకున్న మనిషికి పాలపొడి డబ్బా పట్టుకుపోతున్నాడు.

వీళ్ళను చూడగానే మల్లేశ్ లేచి నిలబడ్డాడు.

"సార్, లండన్ నుంచి వచ్చిందా?"

తలుపు దగ్గర హన్మంతు నిలబడ్డాడు. లోపలికి రాలేదు. వేణుగోపాలరావు నిజం చెప్పడానికే వచ్చాడు. దారంతా మాటలు కూర్చుకుంటూనే వచ్చాడు. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. మల్లేశ్ మళ్ళీ ఆ మంచం మీద కూర్చుంటాడు, చొక్కా విప్పి హ్యాంగర్‌కు తగిలిస్తాడు, రేపు పొద్దున డ్యూటీకి పోతాడు. ఎవరికీ అక్కర్లేని ఉద్యోగాన్ని కాపాడుకుంటూ ఉండగా, ఏదో ఒక పూట ఫోనులో వాళ్ళ అమ్మ ఏడుపు వింటాడు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. రేపో ఎల్లుండో ఈ మనిషి పేరు రిజిస్టరులోంచి కొట్టేస్తారు, అక్కడ ఆసుపత్రిలో నిలబడి ఉండగా ఆ కబురు చేరుతుంది. అప్పుడు తిట్టడానికి మల్లేశ్‌కు ఒక పేరు ఉంటుంది. రెండు దారులూ మూసుకుపోయాయి. ఏ దారి చివర ఈ కుర్రవాడు తన భార్య పక్కన ఉంటాడన్న లెక్క ఒక్కటే మిగిలింది.

మొహం మీద మాస్కు ఉండబట్టి ఆ మాట అనగలిగాడు.

"వచ్చింది."

మల్లేశ్ కళ్ళు ఒక్కసారిగా తడిశాయి. వంగి కాళ్ళకు దండం పెట్టబోతే వేణుగోపాలరావు భుజాలు పట్టుకుని లేపాడు. హన్మంతు తలుపు దగ్గర నుంచి కదల్లేదు. కాదని ఒక్క మాట అనవచ్చు అతను. అనలేదు.

మరి కాగితమేదని మల్లేశ్ అడిగాడు. కరోనా వచ్చినప్పటి నుంచి సెలవు కాగితం లేకుండా గేటు దాటనివ్వరు. దాటితే పరారీ అయినట్టు రాసుకుంటారు. ఆ మాట వేణుగోపాలరావు అంతవరకూ ఆలోచించనే లేదు. అబద్ధం ఒక్క మాటతో సరిపోతుందనుకున్నాడు, ఎంత అమాయకుడో చూడండి.

రాసిస్తానన్నాడు. మంచం మీద కూర్చుని బ్యాగులోంచి కంపెనీ కాగితం ఒకటి తీశాడు. చొక్కా జేబులో బిస్కట్ నలిగిపోయి ఉంది, పెన్ను తీస్తే దానితోపాటు పంచదార పొడి రాలి కాగితం మీద పడింది. ఊదేసి మొదలుపెట్టాడు. ఆపద సెలవు నిబంధన ప్రకారం మల్లేశ్‌కు సెలవు మంజూరు చేయడమైనది, తిరిగి వచ్చేదాకా ఉద్యోగం భద్రపరచడమైనది. చివరి వాక్యం దగ్గర పెన్ను ఒక క్షణం ఆగింది. ఈ ఉత్తరువు నేటి నుంచే అమలులో ఉండునని రాశాడు. జీవితంలో ఆయన ఎవరినీ అడగకుండా రాసిన వాక్యం అదొక్కటే.

కింద సంతకం చేయాలి. ముదీర్ తరఫున అని రాయబోయి, సబ్రీ ముగ్గురు పిల్లలు గుర్తొచ్చి మానేశాడు. తన పేరే నిండుగా రాసి, సంక్షేమ శాఖ ముద్ర పక్కన గుద్దాడు. గేటు దగ్గర సెక్యూరిటీవాడు చూసేది ఆ ముద్రనే. మల్లేశ్ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, టెస్టు కాగితం ఉన్న కవర్లోనే జాగ్రత్తగా పెట్టుకుని, మొహం కడుక్కుని వస్తానని బయటికి వెళ్ళాడు.

హన్మంతు అప్పుడు లోపలికొచ్చాడు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా అతను అంతా చూశాడు.

"ఎవల సంతకం సార్ అది?"

"నాదేనండి."

"నడుస్తదా?"

"గేటు దాకా నడుస్తుంది హన్మంతు గారూ. ఆ తర్వాత నాకు తెలియదు."

హన్మంతు చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. ఆ చూపులో క్షమించడం లేదు. కోపమూ లేదు. తర్వాత వంగి మల్లేశ్ సంచి ఎత్తి తన భుజాన వేసుకున్నాడు. పాలపొడి డబ్బా పైకి తేలి ఉంటే లోపలికి నొక్కి జిప్పు వేశాడు. మల్లేశ్ తిరిగొచ్చాడు. తడి మొహంతో, ఆశతో, ఎంతో చిన్నవాడిలా ఉన్నాడు. బయట వ్యాను హారన్ వినిపించింది.

ముగ్గురూ తలుపు దాటబోతుండగా హన్మంతు ఫోను మోగింది. తీసి చూశాడు. తెర మీద పేరు వేణుగోపాలరావుకు కూడా కనిపించింది. గౌరవ్వ.

"ఎవలు మామా?" అని మల్లేశ్ అడిగాడు.

హన్మంతు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"సూపర్‌వైజరు. యల్లా, నడువ్ బిడ్డా, వ్యాను పోతది."

మల్లేశ్ ముందు నడిచాడు. ఫోను మోగీ మోగీ ఆగి, మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. గేటు దాకా హన్మంతు దాన్ని ఎత్తలేదు.